నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల మరక పడకుండా కారుకి పాలిష్, వ్యాక్స్ పెట్టడం ఎలా

కారుకి పాలిష్ పెట్టాక బాడీ బాగానే మెరుస్తుంది, చిక్కంతా పక్కనుండే నల్ల ప్లాస్టిక్‌తోనే. బంపర్ కింది భాగం, చక్రాల చుట్టూ ఉండే క్లాడింగ్, డోర్ గ్లాసు కింది రబ్బరు బీడింగ్, వైపర్ల కింద జాలీ ఉన్న ప్లాస్టిక్, వీటన్నిటి అంచుల వెంట సున్నం వేలితో రాసినట్టు తెల్ల చారలు మిగిలిపోతాయి. కడిగితే పోయాయనిపిస్తుంది, తడి ఆరగానే మళ్లీ కనబడతాయి. చాలామంది ప్లాస్టిక్ పాతబడిందనుకుని పైన టైర్ పాలిష్ రుద్దేస్తారు, వారం పది రోజులు నల్లగా ఉంటుంది, తర్వాత కథ మొదటికొస్తుంది, ఎందుకంటే కింద ఉన్న వ్యాక్స్ ఎక్కడికీ పోలేదు.

మరక పడకుండా చూసుకోవడం సులువు, పడ్డాక తీయడమే కష్టం. టేప్ వేయడానికి అరగంట పడుతుందనుకుంటే, ఎండకి పట్టేసిన వ్యాక్స్‌ని గరుకు ప్లాస్టిక్ లోంచి బ్రష్‌తో తీయడానికి ఒక పూట పోతుంది, అయినా మొత్తం వస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకే కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం టేప్ గురించి, చేతిలోకి ఎంత వ్యాక్స్ తీసుకోవాలన్నదాని గురించే ఉంటుంది.

నేనుండేది మహారాష్ట్రలోని బల్లార్షాలో. చాందా (చంద్రపూర్), రాజురా, గడ్‌చాందూర్, ఘుగ్గుస్, అటు సిరొంచ దాకా మనవాళ్ల కార్లు చాలానే ఉన్నాయి, రాష్ట్రం దాటితే తెలంగాణ వైపు ఆసిఫాబాద్, కాగజ్‌నగర్. ఈ వైపు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. గనుల వైపు బొగ్గు దుమ్ము, థర్మల్ ప్లాంట్ వైపు బూడిద, గడ్‌చాందూర్, ఘుగ్గుస్ వైపు సిమెంట్ దుమ్ము. పాలిష్ పని ఎక్కడైనా ఒకటే గానీ ఈ ఎండ, ఈ దుమ్ము వల్ల ఇక్కడ చేసేవాళ్లు వేళ, వరస కొంచెం మార్చుకోవాలి. ఆ మార్పులు ఎక్కడికక్కడ చెప్తాను.

తెల్లగా ఎందుకవుతుంది

బాడీ పెయింట్ మీద క్లియర్ కోట్ అనే రంగులేని పొర ఉంటుంది, అది నున్నగా ఉంటుంది కాబట్టి ఆరిన వ్యాక్స్‌ని ఒక్కసారి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. నల్ల ప్లాస్టిక్‌కి పెయింటూ లేదు, క్లియర్ కోటూ లేదు. అది ఎక్కువగా పాలీప్రొపైలిన్ రకం ప్లాస్టిక్, కంపెనీ వాళ్లే కావాలని గరుకుగా పోస్తారు. దగ్గరగా, పక్కనుంచి వెలుతురు పడేలా చూడండి, తోలు మీద ఉన్నట్టు సన్నటి గుంటలు, మధ్యలో గట్లు కనిపిస్తాయి. గుడ్డ గట్ల మీదనే తిరుగుతుంది, గుంటల్లోకి దిగదు.

పాలిష్ అంటే చాలా మెత్తటి రాపిడి పొడి, అది ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్, దాన్ని నూనెలు, నీళ్లు, సాల్వెంట్‌తో కలిపి క్రీమ్‌లా చేస్తారు. తడి ఎగిరిపోగానే పొడి గుంటల్లో ఉండిపోతుంది, నూనె దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. వ్యాక్స్‌లో రాపిడి పొడి ఉండొచ్చు, లేకపోవచ్చు, కానీ మైనం ఉంటుంది. మంచి వ్యాక్స్‌లలో వాడే కార్నుబా అనేది బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మైనం, అది 82 నుంచి 86 డిగ్రీల దగ్గర గానీ కరగదు. బకెట్‌తో వేడినీళ్లు పోస్తే కరిగిపోతుందిలే అనుకునేవాళ్లకి ఈ అంకె గుర్తుండాలి, చేత్తో ముట్టుకోగలిగే వేడికి అది లొంగదు.

రబ్బరు బీడింగ్‌ది కూడా ఇదే కథ. నున్నటి పియానో బ్లాక్ ప్లాస్టిక్ వేరు, దాని మీద తెల్లగా నిలవదు, కానీ చూస్తుండగానే గీతలు పడతాయి, కాబట్టి దానికీ టేప్ అవసరమే.

ముందు ఆ తెలుపు ఏమిటో తేల్చుకోండి

ఇప్పటికే కారు మీద తెలుపు ఉంటే, అది వ్యాక్సేనా అని చూడకుండా క్లీనర్ పట్టుకోకండి. మన వైపు మూడు రకాల తెలుపు కనిపిస్తుంది.

వ్యాక్స్ అయితే పెయింట్‌కి ఆనుకున్న అంచు దగ్గరే ఎక్కువగా ఉంటుంది, చేయి తిరిగిన దిశలో గీతలుగా, విల్లులా వంపుగా కనిపిస్తుంది. గోటితో గీకితే మెత్తటి పొడి గానీ జిగట గానీ గోట్లోకి వస్తుంది. ఎండకి ప్లాస్టిక్ వెలిసిపోతే అంచుతో సంబంధం లేకుండా ఆకాశం వైపు ఉన్న భాగమంతా ఒకే తీరుగా బూడిద రంగులోకి మారుతుంది, గోటికి ఏమీ రాదు. బంపర్ పై గట్టు, వైపర్ల కింది ప్లాస్టిక్, రూఫ్ రెయిల్స్ ముందు వెలుస్తాయి. సిమెంట్ దుమ్ము అయితే మంచు పడ్డాకో, నాలుగు చినుకులు పడ్డాకో చుక్కలు చుక్కలుగా గడ్డకట్టి, వేలితో తడిమితే గరగరలాడుతుంది, నల్ల ప్లాస్టిక్ మీదనే కాదు, గ్లాసు మీద, పెయింట్ మీద కూడా ఉంటుంది.

సిమెంట్‌ని పొడిగా రుద్దితే పెయింట్ నాశనమవుతుంది. బాగా నానబెట్టి, ఆ తర్వాత కూడా మిగిలితే మామూలు వెనిగర్‌ని అంతే నీళ్లతో కలిపి గుడ్డతో ఆ చుక్క మీద అద్ది, ఒక నిమిషం ఆగి, ధారాళంగా నీళ్లతో కడిగేయండి. వెలిసిపోయిన ప్లాస్టిక్‌కి ఎన్ని క్లీనర్లు వాడినా లాభం లేదు, దానికి ట్రిమ్ రీస్టోరర్, అంటే నల్ల ప్లాస్టిక్‌కి మళ్లీ రంగు తెచ్చే పూత పెట్టాలి. ఇక కింద చెప్పేదంతా వ్యాక్స్ గురించే.

కావలసినవి

మాస్కింగ్ టేప్ మంచిది కొనండి, డబ్బులు పెట్టాల్సింది దీని మీదే. పెయింట్ దుకాణంలో చవకగా దొరికే లేత పసుపు కాగితం టేప్ ఎండలో ఉంటే జిగురు బీడింగ్‌కి అంటుకుపోతుంది, అప్పుడు వ్యాక్స్ బదులు జిగురు తీసుకుంటూ కూర్చోవాలి. ఆటోమొబైల్ పెయింటింగ్‌కి వాడే టేప్ గానీ, నీలం రంగు పెయింటర్స్ టేప్ గానీ అడగండి. 18 లేదా 24 మిల్లీమీటర్లది ఒకటి, వెడల్పుది ఒకటి చాలు. అట్టపెట్టెలకి వేసే బ్రౌన్ టేప్, కరెంటు పనులకి వాడే నల్ల టేప్ దగ్గరకే రానివ్వకండి.

ఇవి కాక మైక్రోఫైబర్ గుడ్డలు ఒక నాలుగైదు, ఫోమ్ అప్లికేటర్ ప్యాడ్, మెత్తటి టూత్‌బ్రష్, కారు షాంపూ, ఆల్ పర్పస్ క్లీనర్, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఒక గుడ్డని తడిపి గట్టిగా పిండి, మొదటి నుంచీ భుజం మీద వేసుకుని ఉండండి. పొరపాటున చుక్క పడితే ఆ క్షణమే తుడవడానికి అది. బకెట్ దగ్గరికి నడిచి వెళ్లి వచ్చేలోపు ఎండాకాలంలో చుక్క ఆరిపోతుంది.

వ్యాక్స్ ఎంచుకునేటప్పుడు కూడా ఆలోచించండి. బొలెరో, బ్రెజ్జా, పంచ్ లాంటి బండ్లకి చుట్టూ నల్ల క్లాడింగే ఉంటుంది, అలాంటివాటికి ఆరితే తెల్లగా మారే గట్టి డబ్బా వ్యాక్స్ కంటే, ఆరినా రంగు లేకుండా ఉండే స్ప్రే సీలెంట్ (మైనం బదులు కృత్రిమ పాలిమర్లతో చేసే రక్షణ పూత) నయం. సీసా మీద ప్లాస్టిక్ మీద, ట్రిమ్ మీద వాడొచ్చని రాసి ఉందేమో చూసుకోండి. డబ్బా వ్యాక్స్ ఇచ్చే లోతైన మెరుపు నాకూ ఇష్టమే, కానీ అది బానెట్, రూఫ్, డోర్ల పై సగం లాంటి పెద్ద పలకలకి పెట్టుకుని, క్లాడింగ్ పక్కనుండే కింది భాగానికి సీలెంట్ కొట్టుకుంటే రెండూ దక్కుతాయి.

వేళ, నీడ, కడగడం

బానెట్ మీద అరచేయి వెనక వైపు ఆనించి పది లెక్కపెట్టేదాకా హాయిగా ఉంచగలిగితేనే పని మొదలుపెట్టండి. మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా మన దగ్గర అది తెల్లవారి ఏడున్నర లోపే కుదురుతుంది. సాయంత్రం ఎండ తగ్గింది కదా అని మొదలుపెడతారు గానీ రేకు అప్పటికింకా వేడిగానే ఉంటుంది, పైగా వేడిగాలికి దుమ్ము లేస్తుంది. రేకు వేడిగా ఉంటే వ్యాక్స్ రాస్తుండగానే ఎండిపోతుంది, దాన్ని తీయడానికి గట్టిగా రుద్దాలి, గట్టిగా రుద్దినప్పుడే గుడ్డ జారి ప్లాస్టిక్ మీదికి పోతుంది. వానాకాలంలో దీనికి పూర్తి వ్యతిరేకం, గాల్లో తేమకి వ్యాక్స్ ఎంతకీ ఆరదు, పల్చగా రాయకపోతే బంకగా సాగుతుంది. చలికాలం పొద్దున పూట డబ్బాలో వ్యాక్స్ గట్టిపడి ముద్దలుగా వస్తుంది, అరగంట ఇంట్లో పెట్టి తీసుకురండి. నన్నడిగితే ఈ పనికి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున తొమ్మిది, పది గంటల వేళే మేలు.

కడగడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, ఒక్క మాట తప్ప. నల్ల ప్లాస్టిక్‌ని కూడా పెయింట్‌తో సమానంగా షాంపూ, బ్రష్ పెట్టి కడగాలి. దాని మీద బొగ్గు దుమ్ము ఉంటే టేప్ అంటదు. ఇంతకుముందు పూసిన టైర్ పాలిష్, సిలికాన్ డ్రెస్సింగ్ (ప్లాస్టిక్‌ని నల్లగా మెరిపించే పూత) ఉన్నా అంటదు. అందుకే ఆల్ పర్పస్ క్లీనర్‌ని ఒక వంతుకి పది వంతుల నీళ్లు కలిపి ప్లాస్టిక్ అంచులన్నీ ఒకసారి తుడిచి, కడిగి, ఆరనివ్వండి. బీడింగ్ సందుల్లో, అద్దాల కింద, నంబర్ ప్లేట్ వెనకాల నీళ్లు దాక్కుంటాయి, కారుని కాస్త ముందుకీ వెనక్కీ నడిపి బ్రేక్ వేస్తే బయటికొస్తాయి. టేప్ వేశాక ఆ నీళ్లు కారాయంటే టేప్ ఊడిపోతుంది.

ప్లాస్టిక్‌కి ముందే డ్రెస్సింగ్ పూస్తే గుంటలు నిండిపోయి వ్యాక్స్ పట్టదు కదా అని కొందరంటారు. అది నిజమే, పని చేస్తుంది కూడా. కానీ డ్రెస్సింగ్ ఉంటే టేప్ అంటదు, రెండూ కలిసి కుదరవు. నా అభిప్రాయం, చేత్తో వ్యాక్స్ మాత్రమే పెట్టుకునేవాళ్లు ముందురోజు నీటి ఆధారిత డ్రెస్సింగ్ పల్చగా పూసి, మిగిలింది తుడిచేసి, మర్నాడు టేప్ లేకుండా జాగ్రత్తగా చేసుకోవచ్చు. కాంపౌండ్ (గీతలు తీసే గరుకు పాలిష్) గానీ, మెషిన్ గానీ వాడుతుంటే మాత్రం టేపే వేయాలి.

టేప్ వేయడం

టేప్ ఎప్పుడూ ప్లాస్టిక్ మీద ఉండాలి, దాని అంచు సరిగ్గా పెయింట్ మొదలయ్యే గీత మీదికి రావాలి. పెయింట్ మీదికి రెండు మిల్లీమీటర్లు ఎక్కినా ఆ మేర పాలిష్ పడదు, పైనుంచి చూస్తే ఫ్రేమ్ కట్టినట్టు మసక గీత కనిపిస్తుంది. అతికించాక అంచు వెంట గోరుతో నొక్కుకుంటూ పొండి. మధ్యలో ఎంత గట్టిగా నొక్కినా లాభం లేదు, ద్రవం దూరేది అంచు కిందనుంచే.

డోర్ గ్లాసు కింది బీడింగ్ తిన్నగా ఉంటుంది కాబట్టి ఒక చివర అతికించి, రెండో చివరదాకా గాల్లోనే బిగుతుగా పట్టి, ఒకేసారి దించండి. ముక్కలు ముక్కలుగా వేస్తే వంకర్లు పోతుంది.

చక్రాల చుట్టూ ఉన్న క్లాడింగ్ దగ్గరే అందరూ ఇబ్బంది పడతారు. అక్కడ వంపు ఉంటుంది, పొడవు టేప్ వేస్తే ముడతలు పడతాయి, ఒక్కో ముడత ఒక్కో సొరంగం, పాలిష్ దాని గుండా లోపలికి పోతుంది. నాలుగైదు అంగుళాల ముక్కలు చింపి, ఒకదాని చివర ఇంకోటి అరంగుళం ఎక్కేలా వేసుకుంటూ వంపు తిప్పండి. సన్న టేప్ అయితే ఇంకా బాగా ఒంగుతుంది. అంచు భద్రమయ్యాక దాని పక్కన వెడల్పు టేప్‌తో పాత పాలిథిన్ షీట్ అతికించి క్లాడింగ్ మొత్తం కప్పేయండి, మెషిన్ వాడేటప్పుడు చిందినవి దాని మీద పడతాయి.

వైపర్ల కింద ఉన్న ప్లాస్టిక్‌ని చాలామంది వదిలేస్తారు. బానెట్ ఎత్తి, దాన్నంతా షీట్‌తో కప్పి, బానెట్ మెల్లగా దించండి. అక్కడ పడిన వ్యాక్స్ ప్లాస్టిక్‌ని తెల్లగా చేయడంతో ఆగదు, తొలి వాన పడగానే ముందరి గ్లాసు మీదికి చేరి వైపర్ తిరిగిన ప్రతిసారీ మసక పొర లాగుతుంది, రాత్రిపూట ఎదురుగా లారీ లైట్ పడితే రోడ్డు కనబడదు. బొగ్గు లారీలు తిరిగే మన రోడ్ల మీద అది చిన్న విషయం కాదు. గ్లాసు మీద నీళ్లు చిమ్మే నాజిల్స్ బానెట్ మీదుంటే వాటికీ చిన్న ముక్క అతికించండి, ఆ సన్న రంధ్రంలోకి వ్యాక్స్ పోతే సూదితో తీయాల్సి వస్తుంది.

వెనక డోర్ మీద బండి పేరు అక్షరాలు, కంపెనీ గుర్తు, పార్కింగ్ సెన్సర్లు, డోర్ హ్యాండిల్ దగ్గరి తాళం రంధ్రం, వీటిని మొత్తంగా కప్పేయండి. అక్షరాల మధ్య పెయింట్‌ని పాలిష్ చేయాలన్న కోరిక మానుకోవడమే మంచిది, అక్కడ క్లీనర్‌తో తుడిస్తే చాలు. రెండు పలకలు కలిసే సందులు, అంటే బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య, డోర్‌కీ డోర్‌కీ మధ్య, మెషిన్ వాడుతుంటే వాటి మీదా టేప్ వేయండి. పలకల అంచుల దగ్గర, బాడీ మీది పదునైన మడతల దగ్గర పెయింట్ పల్చగా ఉంటుంది, మెషిన్ ప్యాడ్ అక్కడ త్వరగా కోసేస్తుంది. ఈ ఒక్క పనితో పెయింటూ బతుకుతుంది, సందుల్లో తెల్ల పొడీ పేరుకోదు. పీపీఎఫ్ ఫిల్మ్ (పెయింట్‌ని కాపాడే పారదర్శక పొర) వేయించుకున్నవాళ్లు దాని అంచు మీద కూడా ఇలాగే వేసుకోవాలి, లేకపోతే అంచు వెంట తెల్ల దారం లాంటి గీత తయారవుతుంది.

రెండు హెచ్చరికలు. ఈ మధ్యే పెయింట్ వేయించిన పలక మీద టేప్ వేయకండి, ఎన్ని రోజులు ఆగాలో ఆ పెయింటర్‌నే అడగండి. కొత్త పెయింట్ పూర్తిగా గట్టిపడకముందు టేప్ లాగితే పొర లేచిపోవచ్చు. స్టిక్కర్ డిజైన్ల మీద కూడా వేయకండి. మ్యాట్ పెయింట్ ఉన్న బండికైతే ఈ పనే పెట్టుకోవద్దు, దానికి మామూలు పాలిష్, వ్యాక్స్ పనికిరావు.

చేత్తో రాసేటప్పుడు

తెల్ల మరకల్లో సగం ఎక్కువ తీసుకోవడం వల్ల వచ్చేవే. బానెట్‌లో సగానికి శనగగింజంత రెండు చుక్కలు చాలు. ప్యాడ్ మీద వేసుకోండి, పెయింట్ మీద నేరుగా పోయకండి. రాశాక పలుచటి మసకలా కనిపించాలి, తెల్లగా పేస్టులా కనిపించిందంటే ఎక్కువైంది. ఎక్కువ రాస్తే ఎక్కువ మెరవదు, ఎక్కువ తుడవాలి అంతే.

ప్యాడ్‌ని పలక మధ్యలో మొదలుపెట్టి అంచు వైపు పొండి. అంచు దగ్గరికి చేరేసరికి ప్యాడ్ మీద సరుకు తగ్గిపోయి ఉంటుంది. నిండు ప్యాడ్‌తో అంచు దగ్గర మొదలుపెట్టారంటే టేప్ కూడా కాపాడలేదు. అంచుకి ఒక అంగుళం దూరంలో గుండ్రంగా తిప్పడం ఆపి, అంచుకి సమాంతరంగా తిన్నగా లాగండి. చివరి అంగుళానికి మైక్రోఫైబర్ గుడ్డని చూపుడు వేలికి బిగించి, కొంచెం మాత్రమే అద్దుకుని, వేలి కొసతో అంచు వెంట ఒక్క గీత గీయండి. నిలబడి కాదు, అంచు కళ్ల ఎత్తులోకి వచ్చేలా కూర్చుని చేయండి.

కారు మొత్తం రాసేసి అప్పుడు తుడవడం మొదలుపెట్టకండి. ఒక డోర్ రాయడం, ఆరగానే తుడవడం, తర్వాత ఇంకో డోర్. వేలితో గీస్తే శుభ్రమైన గీత పడిందంటే ఆరినట్టు, సాగిందంటే ఇంకా ఆరలేదు. మన ఎండాకాలంలో నిమిషం రెండు నిమిషాల్లోనే ఆరొచ్చు, సీసా మీద పది నిమిషాలని రాసి ఉన్నా సరే వేలినే నమ్మండి.

మెషిన్ వాడితే

చిందడమే ఇక్కడ శత్రువు. ప్యాడ్ మీద చుక్కలు వేశాక మెషిన్ ఆన్ చేయకుండానే ప్యాడ్‌ని పలక మీద నాలుగుచోట్ల అద్దండి, తర్వాత అతి తక్కువ స్పీడ్‌లో పరిచి, అప్పుడు స్పీడ్ పెంచండి. ప్యాడ్ పలక మీద ఆనకముందే స్విచ్ వేసినా, తిరుగుతుండగా ఎత్తినా కారు చుట్టూ తెల్ల చుక్కలే, పక్క గోడ మీద కూడా. ప్యాడ్‌ని వంచి అంచు మీద నడపకండి. రెండు మూడు పలకలకి ఒకసారి ప్యాడ్‌ని బ్రష్‌తో శుభ్రం చేయకపోతే ఎండిన సరుకు పొడిగా రాలుతుంది, ఆ పొడి గుంటల్లో కూర్చుంటుంది.

డీఏ పాలిషర్ (డ్యుయల్ యాక్షన్, అంటే ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మెషిన్) ప్లాస్టిక్‌కి తగిలితే తెల్ల మరక పడుతుంది, తీసుకోవచ్చు. డెంటింగ్ షాపుల్లో ఎక్కువగా ఉండే, ప్యాడ్ ఒకేచోట గిరగిరా తిరిగే రోటరీ మెషిన్ తగిలితే మాత్రం గరుకు ప్లాస్టిక్ ఆ వేడికి కరిగి నున్నగా మెరిసిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు, ఆ భాగం మార్చాల్సిందే.

టేప్ తీయడం

ఒక పలక అయిపోగానే దాని టేప్ తీసేయండి, కారుని టేప్‌తో ఎండలో వదలకండి. టేప్ మీద పేరుకున్న పొడిని ముందు తడిగుడ్డతో తుడవండి, లేకపోతే లాగినప్పుడు అదంతా ప్లాస్టిక్ మీదే రాలుతుంది. కొసని పట్టుకుని వెనక్కి మడిచి, 45 డిగ్రీల వాలులో నెమ్మదిగా లాగండి. తీశాక అంచు వెంట సన్నటి గట్టులా వ్యాక్స్ గీత మిగిలితే మైక్రోఫైబర్ చుట్టిన చెక్క టూత్‌పిక్‌తో తీయండి. స్టీల్ మొన వద్దు.

అయినా మరక పడితే

తడిగా ఉన్నప్పుడే అయితే భుజం మీది తడిగుడ్డతో ఒత్తి ఎత్తండి, రుద్దకండి, రుద్దితే గుంటల్లోకి నెట్టినట్టే. తర్వాత గుడ్డ మడత మార్చి తుడవండి.

ఆరిపోతే పదికి ఒకటి కలిపిన ఆల్ పర్పస్ క్లీనర్‌ని బ్రష్ మీద కొట్టుకుని, మరక మీద ఒక నిమిషం నాననిచ్చి, టూత్‌బ్రష్‌తో అడ్డంగా, నిలువుగా, గుండ్రంగా, అన్ని దిక్కులా తోమండి. గుంటలు అన్ని వైపులా ఉంటాయి, ఒకే దిక్కున తోమితే సగమే వస్తుంది. నురుగు తెల్లగా, చిక్కగా మారితే వ్యాక్స్ లేస్తోందన్న గుర్తు. ఆ నురుగుని అక్కడే ఆరనిస్తే మళ్లీ కూర్చుంటుంది, వెంటనే తడిగుడ్డతో ఎత్తేయండి. ఇలా రెండు మూడు సార్లు చేసి, పూర్తిగా ఆరాకే చూడండి, తడిలో అన్నీ నల్లగానే కనిపిస్తాయి.

ఇంకా మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి సమంగా నీళ్లు కలిపి, కనబడని మూలలో పరీక్షించుకుని, గుడ్డతో అద్దండి. దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి. చిన్న చుక్కలైతే పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో, అంటే పెన్సిల్ ఎరేజర్‌తో చెరిపినట్టు రుద్దినా వస్తాయి, ఇది చవకైన మందు, బాగానే పనిచేస్తుంది. ఎండకి బాగా పట్టేసిన వ్యాక్స్‌ని జుట్టు ఆరబెట్టుకునే డ్రైయర్‌తో కాస్త దూరం నుంచి వేడిచేసి, మెత్తబడగానే గుడ్డతో అద్ది తీయొచ్చు. పెయింట్ షాపుల్లో ఉండే హీట్ గన్ మాత్రం వద్దు, దాని వేడికి ప్లాస్టిక్ వంకర్లు పోతుంది.

వేరుశనగ వెన్న రుద్దితే పోతుందని అంటుంటారు. దాంట్లో నూనె వ్యాక్స్‌ని కరిగిస్తుంది, మాట నిజమే, కానీ ఆ నూనె కూడా గుంటల్లోనే ఉండిపోయి, మన దుమ్ముని మొత్తం పట్టుకుంటుంది, తర్వాత మళ్లీ క్లీనర్‌తో కడగాల్సిందే. నేరుగా క్లీనర్‌తోనే మొదలుపెట్టండి. కిరోసిన్, డీజిల్, పెట్రోల్ మాత్రం బీడింగ్ దగ్గరికి తీసుకెళ్లకండి. కార్ బీడింగ్‌లకి వాడే ఈపీడీఎం రబ్బరు ఎండకీ వానకీ బాగా ఆగుతుంది గానీ పెట్రోలియం నూనెలకి ఉబ్బిపోతుంది. ఉబ్బిన బీడింగ్ గ్లాసుని పట్టేస్తుంది, లేదా సందు వదిలి వాననీళ్లు డోర్‌లోకి పోతాయి. గిన్నెలు తోమే స్క్రబ్బర్, మెలమైన్ స్పాంజ్ కూడా వద్దు, గరుకుదనాన్ని అరగదీస్తాయి.

దసరాకి కారు మెరిపించి పూజ చేస్తాం కదా, పసుపు, కుంకుమ బొట్లు నల్ల ప్లాస్టిక్ మీద పెట్టకుండా గ్లాసు మీద పెట్టండి. గుంటల్లోకి దిగిన కుంకుమ నెలలు ఉంటుంది. పసుపు ఎండకి తనంతట తానే వెలిసిపోతుంది, దాని కోసం కంగారుపడి కెమికల్స్ వాడక్కర్లేదు.

చివర్లో ప్లాస్టిక్‌కి రక్షణ

అన్నీ అయ్యాక, ప్లాస్టిక్ శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడు, ఎండ నుంచి కాపాడే నీటి ఆధారిత ట్రిమ్ ప్రొటెక్టెంట్‌ని ప్యాడ్ మీద కొట్టుకుని పల్చగా పూయండి. పది నిమిషాలాగి మిగిలింది తుడవండి, జిడ్డుగా వదిలేస్తే ఒక్కసారి ఘుగ్గుస్ వైపు వెళ్లొచ్చేసరికి బండి మీద దుమ్ము ముద్దకడుతుంది. నిగనిగలాడే సిలికాన్ నూనెల రకం నేనైతే వాడను, వానకి కారి పెయింట్ మీద చారలు పెడుతుంది, మళ్లీ టేప్ వేసే రోజు ఇబ్బంది పెడుతుంది. ఖర్చు పెట్టగలిగితే ప్లాస్టిక్‌కి ప్రత్యేకంగా వచ్చే సెరామిక్ కోటింగ్ వేయించుకోండి, తర్వాతి సారి చుక్క పడినా తడిగుడ్డతో వచ్చేస్తుంది.

బయట వాషింగ్ సెంటర్‌లో చేయించేవాళ్లు మూడు మాటలు ముందే అడగండి. టేప్ వేస్తారా, ఏ మెషిన్ వాడతారు, చేసేది నీడలోనేనా. టేప్ అవసరం లేదు, మేం జాగ్రత్తగా చేస్తాం అన్నారంటే, ఇంట్లోనే బీడింగ్‌కి, క్లాడింగ్‌కి, వైపర్ల కిందా మీరే టేప్ వేసుకుని తీసుకెళ్లండి, పొద్దున్నే మొదటి నంబర్ మీదే అయ్యేలా చూసుకోండి. డబ్బులిచ్చే ముందు కారుని తడి లేకుండా ఆరనిచ్చి, నీడలోంచి వెలుతురులోకి తీసి, వంగి కింది అంచులన్నీ ఒక చుట్టు చూడండి, మరక ఉంటే అక్కడే తీయించండి, ఎందుకంటే అది అప్పుడైతే ఐదు నిమిషాల పని.